నూనె పూసిన గుడ్లు

ఆ చెరువు చుట్టూ ఉన్న పార్కును బాగుచేసే పనిలో నేను చేరేనాటికి అందులో పదకొండు బాతులు ఉండేవి. ఇంగ్లీషులో వాటిని గూస్ అంటారు. మామూలు బాతుకు రెండింతలు ఉంటాయి, మెడ ఎత్తితే చిన్నపిల్లల మొహం దాకా వస్తాయి. మన భాషలో వాటికి సరైన పేరేమిటో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. పనివాళ్లూ నేనూ బాతులనే అనేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తున్నాను.

నేను తోటల చదువు చదివాను. పెళ్లయి సింగపూర్ వచ్చాక పద్నాలుగేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. మావారు చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసుకుంటారు. మా అమ్మాయి సెకండరీ స్కూల్లో చేరిన ఏడాది, మొక్కలు నాటే కాంట్రాక్టులు చేసే ఒక చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. సెరంగూన్‌లో మా ఇంటి నుంచి ఒక్క బస్సులో వెళ్లిపోవచ్చు. చెరువు గట్టు పొడవునా కొత్త గడ్డి పరచాలి, పూలమొక్కలు నాటాలి, నీళ్ల మీద చెక్క వంతెన పక్కన తామరలు వేయాలి. మొక్కలన్నీ నా పూచీ. కాంట్రాక్టు కాగితాల్లో బాతుల మాట ఎక్కడా లేదు.

మొదటి విడత గడ్డి పరిచిన మర్నాడు ఉదయం వెళ్లి చూస్తే, చాప చుట్టి లాగినట్టు గడ్డి పలకలు లేచి పడి ఉన్నాయి. బాతులు లేత వేళ్లను పీక్కుని తింటున్నాయి. తామర దుంపలనైతే రెండో రోజుకే ఖాళీ చేశాయి. తాళ్లు కట్టాం, వల పరిచాం. ఎవరో చెబితే ప్లాస్టిక్ మొసలి తల ఒకటి తెప్పించి నీళ్లలో వదిలాం. బాతులు దాని పక్కనే హాయిగా నిద్రపోయేవి. చెరువులో మొసలి ఉందని మాత్రం ఎదుటి బ్లాకుల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆ మధ్యాహ్నమే తీసేశాం.

నా పనివాళ్లలో ఒకతనిది శ్రీకాకుళం జిల్లా. నలభై దాటిన మనిషి, ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. ముందు షిప్‌యార్డులో పనిచేసి, నడుము నొప్పితో మొక్కల పనికి మారాడు. ఆ బాతులు మాట వినేది ఒక్క అతనికే. పొడవాటి వెదురుకర్ర నేల మీద ఆనించి, ఏదో మాట్లాడుతూ నెమ్మదిగా నడిచేవాడు. అవి బడిపిల్లల్లా వరసగా ముందు నడిచేవి. అయితే అతను భోజనానికి వెళ్లగానే మళ్లీ వచ్చేసేవి.

"నీళ్లు అవుపడకపోతే అవి గట్టెక్కవు మేడమ్," అని ఒకరోజు చెప్పాడు. "ఒడ్డంట మనిషెత్తు తుంగ ఎయ్యండి. ఎనక నుంచేటొస్తదో అని బయం వాటికి."

అతను చెప్పింది నిజమని పుస్తకాల్లోనూ ఉంది. బొమ్మ గీసి, లెక్క కట్టి, పార్కు చూసుకునే ఆఫీసుకు పంపాను. తుంగ పెరిగితే బెంచీల మీద కూర్చున్నవాళ్లకు చెరువు కనబడదనీ, దోమలొస్తాయని జనం భయపడతారనీ జవాబొచ్చింది. ఆ జవాబు రాసిన యువకుడు చెడ్డవాడేం కాదు. ప్రతి ఉత్తరం చివరా నా ఓపికకు కృతజ్ఞతలు చెప్పేవాడు.

బాతులకు రోజూ మేత తెచ్చే ఒక చైనీస్ ఆంటీ ఉండేది. డెబ్బై దాటి ఉంటాయి. ముప్పయ్యేళ్లు హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో గిన్నెలు కడిగి, ఎదుటి బ్లాకులో ఒక గది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేది. ప్లాస్టిక్ డబ్బాలో అన్నం తెచ్చి "లాయ్, లాయ్" అని పిలిస్తే పదకొండూ ఈదుకుంటూ వచ్చేవి. మేత పెట్టడం నేరం, జరిమానా వేస్తారని చెప్పే పని నాకు అప్పగించారు. ఆమెకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో, నాకు వచ్చిన రెండు మలయ్ మాటల్లో చెప్పాను. ఆమె శ్రద్ధగా విని తలూపింది. మర్నాటి నుంచి అన్నం మానేసి ఆకుకూర తరిగి తేవడం మొదలుపెట్టింది. అన్నం పక్షులకు మంచిది కాదని నేను చెప్పాననుకుంది. తర్వాత మళ్లీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కొత్త గడ్డి కొంచెం పట్టిన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున మూడేళ్ల పిల్ల బిస్కెట్ చేత్తో పట్టుకుని బాతుల మధ్యకు వెళ్లింది. ఒకటి మెడ చాచి తరిమింది. పిల్ల పరిగెత్తి చెక్క వంతెన అంచు మీద పడింది. గడ్డానికి కుట్లు పడ్డాయి. రక్తంతో ఉన్న ఆ పిల్ల ఫొటో సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చింది, మా అమ్మాయి ఫోన్లోకి కూడా. ఆ తల్లి నన్నేమీ అనలేదు. మర్నాడు వచ్చి పిల్లను చూడకుండా ఎలా వదిలేసిందో తనకే తెలియడం లేదని నాతోనే చెప్పి ఏడ్చింది. కానీ వారం తిరిగేసరికి బాతులను పంపించేయాలని నిర్ణయమైపోయింది. ఉత్తరాన పక్షులను ఉంచుకునే పొలం ఒకటుందనీ, అక్కడికి తీసుకెళ్తారనీ చెప్పారు. ఎక్కడ, ఎవరిది అని నేను అడగలేదు. అడిగితే వచ్చే జవాబు వినడం ఇష్టం లేక అడగలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

పట్టేవాళ్లు వలలతో, బుట్టలతో వచ్చారు. వలల పని పడనే లేదు. మా శ్రీకాకుళం అతను కర్ర ఆనించుకుని నడిచాడు, బాతులు అతని ముందు నడిచి పట్టేవాళ్లు కట్టిన కంచెలోకి వెళ్లాయి. తలుపు వేసేశారు. అతను కర్ర అక్కడే పడేసి చెట్ల వెనక్కు వెళ్లిపోయాడు. లెక్కపెడితే పది ఉన్నాయి.

పదకొండోది ఏదని అతన్ని అడిగితే నన్ను నీళ్ల పంపు గది వెనక్కు తీసుకెళ్లాడు. అక్కడ గోడకూ నీళ్లకూ మధ్య ఎవరూ నాటని తుంగ కొంత పెరిగి ఉంది. అందులో గూడు కట్టుకుని ఒక ఆడ బాతు కూర్చుంది. మమ్మల్ని చూసి మెడ నేలకు ఆనించి పడుకుంది, కనబడకుండా పోవాలన్నట్టు.

"వారమైనాది మేడమ్, పొదుగుతంది. మీకు సెప్తే మీరు ఆపీసుకి సెప్పాలి గదా, అందికే సెప్పలేదు," అన్నాడు.

నేను ఆఫీసుకు చెప్పాను. చెప్పాల్సిందే, పది అని కాగితం మీద రాశారు కాబట్టి మిగిలిన ఒకటి గురించి అడుగుతారు. పొదిగే పక్షిని కదపకూడదని ఆ యువకుడు జవాబిచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కింద ఇంకో వాక్యం ఉంది. గుడ్లు పిల్లలు కాకుండా వాటికి మొక్కజొన్న నూనె పూయాలట. పెంకుకున్న సన్నని రంధ్రాలు మూసుకుపోయి లోపలిది పెరగడం ఆగిపోతుంది. తల్లికి తెలియదు, కూర్చునే ఉంటుంది. గుడ్లు తీసేస్తే మళ్లీ పెడుతుంది కాబట్టి తీయకూడదు. పురుగుల మందు కొట్టే కంపెనీ మనిషి రెండు వారాల దాకా రాలేడు, అప్పటికి ఆలస్యమైపోతుంది, మీరే చేయగలరా అని అడిగాడు. ముందుగా నీళ్లలో వేసి చూడమన్నాడు. మునిగితే లోపల ఇంకా ఏమీ తయారు కాలేదని అర్థం. తేలితే దాని జోలికి పోవద్దు.

శ్రీకాకుళం అతన్ని అడిగాను.

"ఆ పని నాను సెయ్యలేను మేడమ్. ఇంకేటి సెప్పినా సేస్తాను," అన్నాడు. కోపం లేదు గొంతులో. సెలవు అడిగినప్పుడు ఎలా మాట్లాడేవాడో అలాగే మాట్లాడాడు.

మర్నాడు మా వంటింట్లో నూనె సీసా సంచీలో పెట్టుకుంటుంటే మా అమ్మాయి చూసి ఎందుకని అడిగింది. చెప్పాను. అది సగం తిన్న బ్రెడ్డు పళ్లెంలో పెట్టేసి, "సో శాడ్ లా, అమ్మా. బట్ వాట్ టు డూ," అంది. తర్వాత బస్సుకు టైమయిందని వెళ్లిపోయింది. పదమూడేళ్ల పిల్ల నోట వాట్ టు డూ అన్న మాట వినడం నాకు నచ్చలేదు. దాని బదులు ఏమనాలో మాత్రం నాకూ తెలియలేదు.

సైటులో శ్రీకాకుళం అతను కర్రతో బాతును గూటి మీద నుంచి లేపి నాలుగడుగుల దూరంలో ఆపి ఉంచాడు. అంతవరకు చేశాడు. అది బుసలు కొడుతూ అతని బూట్లను పొడుస్తూనే ఉంది. గూట్లో ఐదు గుడ్లు ఉన్నాయి. చేతికి తీసుకుంటే వెచ్చగా, అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి. బకెట్టులో వేశాను. నాలుగు అడుగుకు వెళ్లి పడుకున్నాయి. ఐదోది అడుగునే ఆగింది గాని పడుకోలేదు. మొన తేలాలన్నట్టు నిటారుగా నిలబడి, మెల్లగా ఊగింది. దాన్ని మునిగినట్టు అనాలో తేలినట్టు అనాలో ఆ ఉత్తరంలో లేదు. యువకుడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. బాతు అరుపులు పెరుగుతున్నాయి. చెక్క వంతెన మీద జనం ఆగి చూస్తున్నారు. గుడ్డు తుడిచి, మిగతా నాలుగింటితో పాటు దానికీ నూనె పూశాను. పూసి గూట్లో పెట్టాను.

బాతు తిరిగొచ్చి, ముక్కుతో ఒక్కొక్కదాన్నీ సర్దుకుని, కాళ్లు మడిచి కూర్చుంది.

తర్వాతి వారాల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అది కూర్చుంది. ఎండలో కూర్చుంది, మధ్యాహ్నం ఉరుములతో దంచికొట్టే వానల్లో రెక్కలు విప్పి కూర్చుంది. రోజుకొక్కసారి నీళ్లలోకి దిగి, నాలుగు నిమిషాల్లో వచ్చేసేది. మా పని మాత్రం చకచకా సాగింది. గడ్డి పట్టింది, తామరలు ఆకులేశాయి, బెంచీలొచ్చాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఆంటీ గూడు సంగతి కనిపెట్టింది. మిగతా పదీ వెళ్లిపోయాక మూడు రోజులు రాలేదు. తర్వాత ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి తెచ్చుకుని పంపు గది పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆకుకూర చేతికందేంత దూరంలో పెట్టేది. నన్ను చూడగానే అడిగేది, పిల్లలు ఎప్పుడొస్తాయని. ఇంకా కొన్ని రోజులు ఆంటీ, అనేదాన్ని. నాతో అలా చెప్పమని ఎవరూ అనలేదు. అయినా రోజూ అదే చెప్పాను. ఆమె క్యాలెండరు కాగితం చింపి తెచ్చి రోజులు చూపించి, ముప్పై దాటింది గర్ల్, అంది; నన్ను అలాగే పిలిచేది. కొన్నిటికి ఎక్కువ పడుతుంది అన్నాను.

నలభై రోజులు దాటాక బాతు రొమ్ము ఎముక తేలింది. లేచినప్పుడు తూలేది. గుడ్లు తీసేస్తామని ఆఫీసుకు రాశాను. సహజంగా దానంతటదే వదిలేస్తుంది, దయచేసి ఇంకొంత వేచి చూడండి అని జవాబు, కింద నా ఓపికకు కృతజ్ఞతలు. ఇంకోసారి రాశాను. మరొకరి పేరుతో అదే జవాబొచ్చింది.

నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు. ఆ యువకుడు తన పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. పిల్ల తల్లి ఫిర్యాదే చేయలేదు. గుడ్లకు నూనె పూసిన చేయి నాది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ శ్రీకాకుళం అతను నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మోచేతుల మీద పొడిచిన గాయాలున్నాయి.

"గుడ్లు నాను తీసేసినాను మేడమ్. గొయ్యి తీసి కప్పెట్టీసినాను. మా అమ్మ బాతుల్ని పొదుగుడుకి కూకోబెట్టీది. పిల్లలవ్వని గుడ్ల మీద ఇన్నాళ్లు కూకోనిచ్చీది కాదు. ఆపీసుకి మీరేటి సెప్పుకుంటారో సెప్పుకోండి."

ఉడుము తినేసిందని రాశాను. ఈ దేశంలో చెరువుల దగ్గర మనిషంత పొడుగు ఉడుములు తిరుగుతాయి, ఎవరూ ఆశ్చర్యపోరు. ఆఫీసు నమోదు చేసుకుంది. బాతు ఖాళీ గూటి మీద రెండు రోజులు నిలబడి, గడ్డి పరకలు అటూ ఇటూ జరిపి, మూడో రోజు నీళ్లలోకి వెళ్లిపోయింది. ఆంటీ గూడు చూసి నన్ను అడిగింది. ఆమెకూ ఉడుమనే చెప్పాను. ఆ రోజు నుంచి ఎక్కడ ఉడుము కనబడినా గొడుగు మూసి పట్టుకుని తరిమేది. ఒకసారి చెరువు అంచున జారి మోకాలు కొట్టుకుపోయింది. నేనే ప్లాస్టర్ వేశాను. ఆ జీవి ఏ పాపం చేయలేదని చెప్పడానికి మళ్లీ నోరు రాలేదు.

బాగుచేసిన పార్కు ప్రారంభోత్సవం దగ్గరపడింది. మిగిలిన ఒక్క బాతునూ పంపేయాలన్నారు. అప్పటికి శ్రీకాకుళం అతన్ని కంపెనీ పడమటి వైపు ఇంకో సైటుకు మార్చింది. పట్టేవాళ్లు రెండుసార్లు వచ్చి వలతో చెరువంతా తిరిగి వెళ్లారు. ఆ ఆంటీ పిలిస్తే వస్తుందట కదా, ఒక్కసారి అడగండి, అని ఆఫీసు వాళ్లు నాతో అన్నారు.

అడిగాను. దాని స్నేహితుల దగ్గరికే తీసుకెళ్తారా అని ఆంటీ నన్ను అడిగింది. అవునని చెప్పాను, నాకు చెప్పింది అదే కాబట్టి. ఒక్కతే ఉండటం మంచిది కాదు, అంది. మర్నాడు జుట్టు దువ్వుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చింది. "లాయ్, లాయ్" అంది. బాతు నీళ్లు చీల్చుకుంటూ నేరుగా వచ్చి ఆమె చేతిలో తింటుంటే వెనక నుంచి వల పడింది. ఆంటీ వాళ్లు తెచ్చిన అట్టపెట్టెలో ఆకుకూర కట్ట మొత్తం పెట్టింది. పొలం అడ్రసు కావాలి, ఆదివారం వెళ్లి చూస్తాను, అంది.

అడ్రసు కోసం రాశాను. ఆ వివరాలు బయటివాళ్లకు ఇవ్వరని జవాబొచ్చింది. వదిలేయమని మా బాస్ అన్నాడు. నేను వదిలేశాను గాని ఆంటీ వదల్లేదు. సైటుకు వెళ్లిన ప్రతిరోజూ అడిగింది. చివరికి, నాకు తెలియదు, కానీ పొలాలుండే వైపు వెళ్లి వెతుకుదాం, అన్నాను.

ఆదివారం రైల్లో వెళ్లి, అక్కడి నుంచి బస్సు ఎక్కాం. వాయవ్యం మూల ఇంకా కొన్ని పొలాలున్నాయి. మొదటిదాంట్లో కప్పలు, చేపలు పెంచుతున్నారు. రెండోదాంట్లో ఇనుప వల వెనక ఇరవై దాకా పెద్ద బాతులున్నాయి, తెల్లవీ బూడిదరంగువీ కలిసి. ఆంటీ అడుగులు వేగమయ్యాయి. వల పట్టుకుని "లాయ్, లాయ్" అంది. అన్నీ వచ్చాయి. కూర చేతిలో ఉంటే ఎవరు పిలిచినా వస్తాయి. ఆమె ఒక్కొక్కదాని మొహమూ చూసుకుంటూ వల పొడవునా నడిచి, మళ్లీ మొదటికి వచ్చింది.

"ఇక్కడ లేవు," అంది.

చెరువు నుంచి ఈ మధ్య ఏమైనా వచ్చాయా అని అక్కడి మనిషిని అడిగాను. రాలేదన్నాడు. ఇంకెక్కడైనా ఇలాంటి పొలం ఉందా అంటే, తనకు తెలిసి లేదన్నాడు. ఆ మాట నేను ఆంటీకి చెప్పలేదు. తెచ్చిన కూరంతా ఆమె ఆ బాతులకే పెట్టింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పిల్లలైనా పుట్టి ఉంటే బాగుండేది, ఉడుము చెడగొట్టింది, అంది. ఇక ఉండబట్టలేకపోయాను. ఉడుము కాదు ఆంటీ, గుడ్లకు నేనే నూనె పూశాను, అందుకే పుట్టలేదు, అని ఇంగ్లీషులో, వీలైనంత చిన్న మాటల్లో చెప్పాను. చేత్తో పూసినట్టు చూపించాను కూడా.

ఆమె నా చేతి వైపు చూసింది.

"ఆయిలా? ఏ ఆయిలు?"

"కార్న్ ఆయిల్."

"నేనూ అదే వాడతాను. గుండెకు మంచిదని డాక్టర్ చెప్పాడు," అంది.

నేను ఇంకో రకంగా చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ ఉండగానే రైలు స్టేషను దగ్గరపడింది. ఆమె బస్సు ఆపమని గంట నొక్కింది. ఆమె సంచీ నేను పట్టుకున్నాను, ఇద్దరం దిగాం.